వైపర్ ద్వీపం దగ్గర ఒక ఫాతిహా

మా దాదీకి సముద్రం అంటే కోపం. వడమాలపేటలో పుట్టి వడమాలపేటలోనే ఖబర్‌లోకి పోయిన మనిషి. సముద్రం ఎలా ఉంటుందో ఒకటి రెండుసార్లు మద్రాసులో చూసి ఉంటుంది, అంతే. కానీ కాలాపానీ అనే మాట మాత్రం ఆమె నాలుక మీదే ఉండేది. మా చాచా కువైట్‌కి పోయిన రోజు చెన్నై రోడ్డు మీద బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడి, "మేరే బచ్చేకు కాలాపానీ భేజ్ దియే" అని కూలబడి ఏడ్చింది. నా బిడ్డను కాలాపానీకి పంపేశారు అని. చాచా రెండేళ్ళకోసారి సెంటు బుడ్లు, దుప్పట్లు పట్టుకుని తిరిగొస్తూనే ఉన్నాడు. అయినా దాదీ మాట మార్చలేదు. సముద్రం దాటినవాడు జనాజాకి కూడా అందడు అన్నది ఆమె భయం.

మొన్న దసరా సెలవుల్లో ఆ కాలాపానీకి మేం పిల్లల్ని తీసుకుని టూర్ పోయాం. చెన్నైలో విమానం ఎక్కితే రెండు గంటల పైచిలుకు. మా ఊర్నించి చెన్నై ఎయిర్‌పోర్టుకు కారులో పోయిన టైము కంటే తక్కువ. పోయే ముందు మసీదు దగ్గర ఒక పెద్దాయన "క్యా మియాఁ, పిక్నిక్ ఆ?" అని నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగొచ్చాక ఆ నవ్వు గురించే రాయాలనిపించింది.

పేర్ల సంగతి ముందే చెప్పేస్తాను. పోర్ట్ బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అని పేరు. దాని ఎదురుగా ఉన్న రాస్ ఐలాండ్ 2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. నేను చెప్పే సంగతులు పాత పేర్ల కాలంనాటివి కాబట్టి ఇక్కడ పాత పేర్లే వాడతాను.

రాస్‌కి పడవలో పావుగంట, ఇరవై నిమిషాలు. దిగగానే జింకలు. చేతిలోంచి తింటాయి. పిల్లలకు ఈద్ వచ్చినట్టే. పైకి నడిస్తే చర్చి గోడలు, బేకరీ, నీళ్ళ ప్లాంటు, దొరలు డాన్సులాడిన హాలు. అన్నిటినీ మర్రి జాతి వేళ్ళు చుట్టుకుని పిండేస్తున్నట్టు ఉంటాయి. ఒక గైడు "దీన్ని తూర్పు దేశాల ప్యారిస్ అనేవారు" అని గర్వంగా చెబుతున్నాడు. మా ఆవిడ నెమ్మదిగా అడిగింది, "ఈ గోడలు కట్టిందెవరంట?"

ఆ ప్రశ్నకు జవాబు గైడు దగ్గర ఒక వాక్యమే. "ఖైదీలు కట్టారమ్మా." తరువాత మళ్ళీ డాన్సు హాలు.

ఆ ఒక్క వాక్యం వెనకాల ఉన్నది ఇది. 1857 తిరుగుబాటు అణిచాక ఉరికొయ్యలు చాలక, జైళ్ళు చాలక, 1858 మార్చి 10న 200 మంది ఖైదీలతో మొదటి ఓడ అండమాన్ చేరింది. వాళ్ళ మీద అధికారి డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్. అంతకు ముందు ఆగ్రా జైలు చూసినవాడు. వచ్చినవాళ్ళ చేత అడవి కొట్టించడంతో పని మొదలు. తాళలేక చాలామంది అడవిలోకి పారిపోయారు. పట్టుబడినవాళ్ళలో 86 మందిని వాకర్ ఉరి తీయించాడు. రాస్ ద్వీపమే ఆ ఖైదు సామ్రాజ్యానికి రాజధాని అయింది. 1941 జూన్‌లో భూకంపం వచ్చి బీటలు వారేదాకా కమిషనర్ అక్కడే ఉన్నాడు. అంటే మా వాడు జింకతో ఫోటో దిగిన గడ్డ ఎనభై ఏళ్ళకు పైగా వేల మంది తిండి, దెబ్బ, చావు నిర్ణయించిన ఆఫీసు.

ఇక నా అసలు సమస్య సెల్యులార్ జైల్లో మొదలైంది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పాలరాతి పలకల మీద చెక్కిన పేర్లు వేలితో చూపిస్తూ చదువుతోంది. బెంగాల్, పంజాబ్, ఇంకా ఇతర ప్రాంతాలు. కాసేపటికి నా దగ్గరికొచ్చి, "అబ్బా, హైదరాబాద్ మౌల్వీ సాబ్ పేరు ఏదీ? నువ్వు రాశావు కదా, ఆయన ఈ జైల్లోనే చనిపోయాడని. మా క్లాసులో నీ వ్యాసమే చదివాను" అంది.

నాకు చెవులు వేడెక్కాయి. ఎందుకంటే ఆ మాట నేను నిజంగానే రాశాను. కొన్నేళ్ళ కిందట, ఆగస్టు 15కి, గంటలో ఇవ్వాలంటే. మక్కా మసీదు మౌల్వీ అల్లాఉద్దీన్ సెల్యులార్ జైలు తొలి ఖైదీ అని, అక్కడే షహీద్ అయ్యారని. ఎవరో పంపిన ఫార్వర్డ్ చూసి రాశాను. తహ్ఖీఖ్ చేయలేదు. సెల్యులార్ జైలు కట్టడం మొదలైంది 1896లో. పూర్తయింది 1906లో. మౌల్వీ సాబ్‌ను అండమాన్ పంపింది 1859లో. ఇటుక పడకముందు ముప్పై ఏడేళ్ళ నాడే వచ్చిన మనిషిని ఆ జైల్లో కూర్చోబెట్టాను నేను. నా బిడ్డ దాన్ని క్లాసులో నిలబడి చదివింది.

తెలియనివాళ్ళ కోసం ఆయన కథ క్లుప్తంగా చెబుతాను. 1857 జులై 17, జుమా రోజు. ఢిల్లీ వైపు ఇంగ్లీషువాళ్ళ తరఫున యుద్ధానికి పోము అని తిరగబడి హైదరాబాద్ చేరిన జమాదార్ చీదా ఖాన్‌ను పట్టి రెసిడెన్సీలో బంధించారు. ఆయన్ని విడిపించాలని మౌల్వీ అల్లాఉద్దీన్, తుర్రెబాజ్ ఖాన్ కలిసి సుమారు 500 మందితో కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి నడిచారు. అదే తరువాత కోఠి మహిళా కళాశాల అయిన భవనం. తుపాకుల ముందు ఆ దాడి నిలబడలేదు. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చివేతకు గురయ్యారు. శవాన్ని జనం చూడాలని నగరంలో వేలాడదీశారు. మౌల్వీ సాబ్ కూడా దొరికారు. యావజ్జీవం వేసి 1859 జూన్ 28న అండమాన్‌కు పంపారు. మళ్ళీ హైదరాబాద్ చూడకుండా అక్కడే కన్నుమూశారు.

ఈ కథలో మనం ఫార్వర్డుల్లో పెట్టని భాగం ఒకటుంది. చీదా ఖాన్‌ను పట్టి రెసిడెన్సీకి అప్పగించింది దివాన్ సాలార్ జంగ్. దాడి జరగబోతోందని ముందుగా రెసిడెంట్‌కు కబురు పంపిందీ ఆయనే. నిజాం దర్బార్ ఆనాడు ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలబడింది. మౌల్వీ సాబ్‌ను కాలాపానీకి పంపిన చేతుల్లో మన చేతులు కూడా ఉన్నాయి. అది చెప్పకపోతే ఆయన ఎంత ఒంటరిగా నిలబడ్డారో మన పిల్లలకు ఎలా తెలుస్తుంది?

సెల్యులార్ జైలు గేటు బయట కూర్చుని అమ్మాయితో నా తప్పు ఒప్పుకున్నాను. "మరి మౌల్వీ సాబ్ ఎక్కడున్నారు?" అంది. జైలు లేని రోజుల్లో ఖైదీలు రాస్, వైపర్, చాథం లాంటి చిన్న ద్వీపాల్లో, ఒడ్డున గుడిసెల్లో ఉండేవాళ్ళు. గొలుసు శిక్ష పడ్డవాళ్ళది వైపర్. మరుసటి రోజు వైపర్ చూద్దాం అన్నాను.

వైపర్ హార్బర్ లోపల ఉన్న చిన్న ద్వీపం. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ వచ్చిన ఓడ పేరు వైపర్, ఆ పేరే దీనికి పడింది. 1860లలో ఇక్కడ జైలు లేచింది. ఖైదీలను ఒకే గొలుసుకు వరసగా కట్టేసేవారు. గుట్ట మీద ఎర్ర ఇటుకల ఉరిగది ఇంకా ఉంది. పడవ నడిపే అతను శ్రీకాకుళం మనిషి. తెలుగులో మాట కలిపేసరికి, "ఇక్కడ దిగి ఎక్కువమంది పది నిమిషాలు కూడా ఉండరు సార్. ఫోటో తీసుకుని పోతారు" అన్నాడు.

ఆ ఉరిగదిలో 1872 మార్చి 11న షేర్ అలీ ఆఫ్రిదీని ఉరి తీశారు. నెల రోజుల ముందు, ఫిబ్రవరి 8న, మౌంట్ హ్యారియట్ కింద హోప్ టౌన్ జెట్టీ దగ్గర వైస్రాయ్ లార్డ్ మేయోను ఆయన కత్తితో పొడిచి చంపాడు. భారతదేశంలో పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయ్ ఒక్క మేయోనే. మా వాడికి కళ్ళు వెలిగిపోయాయి. "అబ్బా, ఆయన హీరో కదా?"

ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. షేర్ అలీ ఖైబర్ ప్రాంతపు పఠాన్. పంజాబ్ మౌంటెడ్ పోలీసులో ఇంగ్లీషువాళ్ళ దగ్గరే నౌకరీ చేసినవాడు. వంశాల పగలో ఒక బంధువును చంపాడని 1867లో శిక్ష పడింది. నేను చంపలేదు అనే అన్నాడు. పోర్ట్ బ్లెయిర్‌లో మంగలి పని చేసేవాడు. ఆయన కత్తి పట్టింది కౌమ్ కోసమా, తనకు జరిగిన జుల్మ్ కోసమా? అది ఆయనకూ అల్లాహ్‌కూ మధ్య సంగతి. నేను మా వాడితో అన్నది ఇంతే: "బేటా, హీరో అని గానీ హంతకుడు అని గానీ ఒక్క మాటలో సరిపెట్టకు. ఆయన కథ మొత్తం తెలుసుకో. అందులో ఇంగ్లీషువాళ్ళ జుల్మ్ ఉంది, ఒక మనిషి గుస్సా ఉంది, ఒక పరాయి మనిషి చావు ఉంది."

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న మాట. మన ఇళ్ళల్లో కాలాపానీ రెండే రకాలుగా వినిపిస్తోంది. ఒకటి పిక్నిక్. రెండు లిస్టు. స్కూబా డైవింగ్ చేసి, జింకలకు బిస్కెట్లు పెట్టి వచ్చేది పిక్నిక్. "చూడండి, మావాళ్ళు ఎంతమంది కుర్బానీ ఇచ్చారో" అని ఎవరి మీదికో విసిరేది లిస్టు. రెండింటిలోనూ అక్కడ బతికిన మనిషి లేడు.

లిస్టు ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. మా అమ్మాయిని క్లాసులో ఒక పిల్ల, "స్వాతంత్ర్యం కోసం మీవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగిందంట. పిల్ల అమాయకంగానే అడిగి ఉంటుంది. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలుసు. పాఠ్యపుస్తకాల్లో మన పేర్లు పలచబడుతుంటే, దేశభక్తి రుజువు చూపించమని అడిగేవాళ్ళు పెరుగుతుంటే, చేతికందిన పేరు పట్టుకుని విసరాలనిపిస్తుంది. నేను ఆ వ్యాసం రాసిందీ ఆ బాధతోనే. కానీ దాని ఫలితం చూడండి. ఒక్క తప్పు తేదీ దొరికితే చాలు, ఎదుటివాడు మొత్తం కథనే అబద్ధం అంటాడు. మౌల్వీ సాబ్‌కు నేను చేసింది మేలు కాదు. ఆయన గవాహీని నేనే బలహీనం చేశాను. వార్త వస్తే నిజమో కాదో తేల్చుకోమని సూరా హుజురాత్‌లో మనకు చెప్పిన తరువాత కూడా, ఫార్వర్డ్ బటన్ దగ్గర మనం ఆ హుకుం మర్చిపోతున్నాం.

మా పక్క ఊరు పుత్తూరు ఎముకల కట్టుకు పేరు. చెయ్యి విరిగిన వాడెవడైనా దూరాలనుంచి వస్తాడు. ఎముక వంకరగా అతుక్కుంటే చెయ్యి ఉంటుంది గానీ బరువు మొయ్యదు. తప్పు చరిత్ర కూడా అంతే. ఉన్నట్టే ఉంటుంది, బరువు పెడితే విరుగుతుంది.

"ముందు మన పేర్లు లోకానికి తెలియనీ, వివరాలు తరువాత చూసుకుందాం" అని ఒక దోస్త్ నాతో వాదించాడు. ఆయన బాధ అర్థమవుతుంది. కానీ వివరాలు తీసేస్తే మిగిలేది పేరు కాదు, నినాదం. మౌలానా ఫజ్లె హఖ్ ఖైరాబాదీని తీసుకోండి. మంతిఖ్‌లో ఆ కాలపు పెద్ద ఆలిమ్, మిర్జా గాలిబ్‌కు దోస్త్. 1859లో అండమాన్ చేరారు, 1861 ఆగస్టులో అక్కడే వఫాత్. ఖైదులో ఉండి 1857 గురించి అరబీలో రాశారు. అలాంటి ఆలిమ్ చేత అక్కడ కూలి పని చేయించారు అని తెలిస్తే ఒక పిల్లవాడి మనసులో ఏదో కదులుతుంది. "ముస్లిం ఫ్రీడమ్ ఫైటర్ నంబర్ పన్నెండు" అంటే కదలదు. మౌలానా జాఫర్ థానేసరీ కూడా ఉన్నారు. ఉరిశిక్ష తప్పి అండమాన్ వచ్చి, 1883లో తిరిగి వెళ్ళి, తన అనుభవాలు ఉర్దూలో పుస్తకంగా రాశారు. అక్కడ ఇంగ్లీషు నేర్చుకున్నారు, పెళ్ళి చేసుకున్నారు, ఆఫీసులో పనిచేశారు. అది కూడా ఆయన జీవితమే. షహాదత్ ఒక్కటే జీవితం కాదు.

ఇంకో సంగతి. కాలాపానీ మన ఒక్కరిది కాదు. రంప మన్యం నుంచి అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అక్కడికి పోయి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు గెలిచారు. 1921 మలబార్ తిరుగుబాటు తరువాత మాప్పిళ్ళ ముస్లింలను అక్కడికి పంపితే, వాళ్ళు తమ ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. టూరిస్టులు బీచ్ కోసం పోయే వండూర్, దారిలో వచ్చే మంజేరి, రెండూ కేరళలోని ఊళ్ళ పేర్లు. మేం వండూర్‌లో ఇసుకలో ఆడి, కొబ్బరి బోండాం తాగి వచ్చాం. ఆ పేరు ఎవరి బాధ నుంచి వచ్చిందో తిరిగొచ్చే దారిలో గానీ పిల్లలకు చెప్పలేదు. ఇక, దొంగతనాలకు, హత్యలకు శిక్షపడి వచ్చిన వేల మంది పేర్లు ఏ పలక మీదా లేవు. వాళ్ళ పిల్లలు అక్కడే పుట్టి, హిందువు ముస్లిం క్రైస్తవుడు కలిసి, హిందూస్తానీ మాట్లాడే లోకల్ బార్న్ సమాజం అయ్యారు.

అందరికంటే ముందు ఆ ద్వీపాల అసలు వారసులు ఉన్నారు. 1859 మేలో గ్రేట్ అండమానీలు విల్లంబులతో ఆ ఖైదు బస్తీ మీదికి వచ్చారు. అబర్డీన్ దగ్గర జరిగిన ఆ పోరుకు ఊళ్ళో ఒక స్మారకం ఉంది. వాళ్ళు పోరాడింది తమ అడవి కోసం. ఆ అడవి కొట్టించింది ఇంగ్లీషువాళ్ళు. గొడ్డలి మాత్రం ఖైదీల చేతుల్లో ఉంది. తరువాత తట్టు, సుఖవ్యాధులు వాళ్ళను తుడిచిపెట్టాయి. ఈరోజు గ్రేట్ అండమానీలు నూరు మంది కూడా లేరు. మజ్లూమ్ చేత కూడా ఇంకొక మజ్లూమ్‌కు నష్టం చేయించగలదు జుల్మ్. ఇది మన పిల్లలకు చెప్పకుండా కాలాపానీ పాఠం పూర్తి కాదు.

కాబట్టి నా అర్జీ ఇది. అండమాన్ పోండి. తప్పకుండా పోండి, సముద్రం చూడండి, చేపలు తినండి. కానీ సెల్యులార్ జైల్లో సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో చూసి లెక్క తీరింది అనుకోవద్దు. ఒక పూట రాస్‌కి, ఒక పూట వైపర్‌కి ఇవ్వండి. పోయే ముందు ఇంట్లో ఒక గంట కూర్చుని ఎవరు ఎప్పుడు పోయారో పిల్లలతో చదివించండి. 1858కీ 1906కీ తేడా తెలిస్తే సగం తప్పులు పోతాయి. ఫార్వర్డ్ వస్తే తేదీ చూడండి. తప్పుంటే పంపినాయన పెద్దాయన అయినా అదబ్‌తో చెప్పండి. తెలుగులో చదివే మన పిల్లలకు ఉర్దూలో ఉన్న ఈ చరిత్ర చేరడం లేదు. ఉర్దూ చదవగలిగిన నావంటివాళ్ళు ఇంకా కొంతమంది ఉన్నారు. మేం ఉన్నంతలో దాన్ని తెలుగులోకి తేవడం మా మీదున్న అమానత్. ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటి ఉంది: వైపర్‌లో, రాస్‌లో, 1858 నుంచి వచ్చిన ఖైదీల పేర్లు రికార్డుల్లో దొరికినంత వరకు, మతం చూడకుండా, నేరం చూడకుండా ఒక పలక మీద పెట్టాలి.

నా వంతు నేను చేశాను. పాత వ్యాసం తప్పని, సరైన సంగతి ఇదని రాసి, దాన్ని అప్పట్లో పంపిన గ్రూపులన్నిటికీ పంపాను. కొంతమంది మెచ్చుకున్నారు. ఒకాయన "మన పరువు మనమే తీసుకోవాలా భాయ్?" అన్నారు. మా అమ్మాయి మాత్రం క్లాసులో మళ్ళీ నిలబడి, తను చదివింది తప్పని చెప్పి, మౌల్వీ సాబ్ కథ మొదటి నుంచి చెప్పిందంట. ఆ అడిగిన పిల్ల ఈసారి, "మరి వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఏమయ్యారు?" అని అడిగిందంట. మొదటి ప్రశ్నకూ ఈ ప్రశ్నకూ ఎంత దూరమో చూడండి.

ఆ రోజు వైపర్ గుట్ట మీద మేం నలుగురం ఉరిగది ముందు నిలబడ్డాం. మౌల్వీ సాబ్ ఖబర్ ఎక్కడుందో చూపించేవాళ్ళు లేరు. ఆయనకూ, షేర్ అలీకీ, పేరు తెలియని మనవాళ్ళందరికీ ఫాతిహా చదివాను. ఫాతిహా చదవొచ్చా చదవకూడదా అని బహస్ పెట్టుకునే భాయిలకు సలాం, నా దిల్ ఆగలేదు. మిగిలినవాళ్ళ కోసం ఊరికే తల వంచి నిలబడ్డాం. వాళ్ళ హిసాబ్ వాళ్ళ రబ్ దగ్గర ఉంది. కింద నుంచి శ్రీకాకుళం భాయి, "సార్, టైమయింది" అని పిలిచాడు. మమ్మల్ని చూసి ఎందుకో మళ్ళీ పిలవలేదు. ఇంకో పది నిమిషాలు ఆగాడు.

దిగి వస్తుంటే దాదీ గుర్తొచ్చింది. ఆమె భయపడింది సముద్రానికి కాదు. తన మనిషి పేరు తలిచేవాళ్ళు లేని చోటికి పోతాడేమో అని. పేరును సరిగ్గా తలుచుకోవడం కనీసం మన చేతిలో ఉంది.

అల్లాహ్ వాళ్ళందరి కష్టాన్ని ఖబూల్ చేయాలి. మన నాలుకల మీద, మన కలాల మీద సచ్‌ను నిలపాలి. ఆమీన్.